పదహారు అడుగుల ట్రైలర్‌కి సరిపడా నిశ్శబ్దం

ప్రశ్న: మేం డెన్వర్ పక్కన అరోరాలో ఉంటాం. కిందటేడు కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి పాత ట్రావెల్ ట్రైలర్ ఒకటి కొన్నాం, 16 అడుగులది. ఇప్పటికి రెండుసార్లు వెళ్లాం, రెండూ ఇలాంటి ఇంటి బండ్లు నిలిపే ప్రైవేటు ఆర్వీ పార్కులే. మా చిన్న ట్రైలర్‌కు అటూ ఇటూ బస్సంతేసి బండ్లు, రాత్రి పదకొండు దాకా టీవీ చప్పుళ్లు, కిటికీ తెరిస్తే పక్కవాళ్ల గ్రిల్ పొగ. ‘దీనికి ఇంట్లోనే ఉండొచ్చుగా’ అంటోంది మా ఆవిడ. కొండల్లో, చెట్ల మధ్య, వాగు పక్కన చడీచప్పుడు లేని క్యాంప్‌గ్రౌండ్లు ఉంటాయని అందరూ అంటారు, కానీ ఎక్కడ చూసినా అవే పది పేర్లు, అవన్నీ నిండిపోయి ఉంటాయి. ఎలా వెతకాలి? జూన్‌లో మా అమ్మ ఖమ్మం నుంచి వస్తోంది. 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, కొంచెం బీపీ. పాపకు 8 ఏళ్లు. టాయిలెట్ల సంగతీ ఎలుగుబంట్ల సంగతీ తల్చుకుంటే మా ఆవిడకు టెన్షన్.
ఒక పాఠకుడు, అరోరా, కొలరాడో

సమాధానం:

మీ ఉత్తరంలో అసలైన ముక్క మీరే మామూలుగా చెప్పి దాటేశారు. 16 అడుగులు. నేను పన్నెండేళ్లుగా ఈ కొండల్లో ట్రైలర్ ఈడ్చుకుని తిరుగుతున్నాను. మొదట 24 అడుగులది కొన్నాం. సోఫా, ఓవెన్, విడిగా పడకగది, అన్నీ ఉండేవి. దాన్ని పెట్టడానికి చోటే దొరికేది కాదు. మూడేళ్లకు అమ్మేసి 17 అడుగులదానికి దిగాం. ఆ రోజు నుంచే మాకు అడవి కనపడింది. కాబట్టి పక్కనున్న బస్సులను చూసి మీ బండి చిన్నదని బాధపడకండి. మీరు అడుగుతున్న చోట్లకు వాళ్లు రాలేరు, మీరు వెళ్లగలరు.

కారణం చెప్తాను. ఇక్కడి నేషనల్ ఫారెస్ట్ క్యాంప్‌గ్రౌండ్లు చాలావరకు పాతవి. కొన్ని 1933-42 మధ్య, అంటే మాంద్యం రోజుల్లో ప్రభుత్వం కుర్రాళ్లకు పని కల్పించడానికి పెట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కాలంలో కట్టినవి. ఇంకొన్ని యాభైలు, అరవైల్లో వచ్చాయి. అప్పటి జనం కారులో గుడారం వేసుకుని వచ్చేవాళ్లు. దారులు, మలుపులు, బండి నిలిపే చోట్లు అన్నీ ఆ కొలతకే వేశారు. ఇప్పటి 35 అడుగుల ఇల్లులాంటి బండి అక్కడ మలుపే తిరగదు. పైగా కరెంటు ప్లగ్గు ఉండదు, నీళ్ల పైపు ఉండదు, డ్రైనేజీ ఉండదు. ఈ మూడింటినే ఇక్కడ హుకప్ అంటారు. హుకప్ ఉన్నచోటికి ఏసీ, టీవీ, మైక్రోవేవ్ ఉన్న బండ్లు వస్తాయి, వాటితో పాటు వాటి చప్పుడూ వస్తుంది. మీరు వెళ్లిన రెండు చోట్లా జరిగింది అదే. నిశ్శబ్దం కావాలంటే ముందు ప్లగ్గు మీద ఆశ వదులుకోవాలి.

ఇక వెతకడం. అందరూ ‘బెస్ట్ క్యాంప్‌గ్రౌండ్స్ నియర్ డెన్వర్’ అని కొట్టి మొదటి పేజీలో వచ్చిన పేర్లు పట్టుకుంటారు. మీరు చూసిన ఆ పది పేర్లు అలా వచ్చినవే. నేను మ్యాపుతో మొదలుపెడతాను. డెన్వర్ చుట్టూ అరపాహో-రూజవెల్ట్, పైక్-శాన్ ఇసబెల్, వైట్ రివర్ అని పెద్ద పెద్ద నేషనల్ ఫారెస్టులున్నాయి. వీటిని నేషనల్ పార్కులతో కలపకండి. రాకీ మౌంటెన్ లాంటి నేషనల్ పార్కుకు ప్రపంచం మొత్తం వస్తుంది, వేసవిలో లోపలికి పోవడానికే టైము స్లాటు బుక్ చేసుకోవాలి. ఫారెస్టులో గేటూ ఉండదు, ఆర్భాటమూ ఉండదు. మ్యాపులో ఫారెస్టును చూపించే ఆకుపచ్చ భాగంలో హైవే నుంచి విడిపోయి ఏదో లోయలోకి పోయే చిన్న రోడ్డు చూసి, దాని మీద గుడారం గుర్తు ఎక్కడుందో వెతుకుతాను. పేరు దొరికాకే రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ బుకింగ్ వెబ్‌సైటులోకి వెళ్తాను.

అక్కడ నక్షత్రాలు చూడకండి. కింద ఉండే వివరాలు చదవండి. మొత్తం సైట్లు, అంటే బండి నిలుపుకునే చోట్లు, ఇరవై లోపు ఉంటే మంచి లక్షణం. వాహనం పొడవు 20, 25 అడుగులు దాటకూడదని రాసి ఉంటే ఇంకా మంచిది. ‘మట్టి రోడ్డు, గతుకులు, నీళ్లు లేవు’ అని ఎవరో విసుక్కుంటూ ఒక నక్షత్రం ఇచ్చి ఉంటే ఆ రివ్యూ రెండుసార్లు చదువుతాను. మనక్కావలసింది ఆయన తిట్టినదే కావచ్చు. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. కొన్నిచోట్ల పొడవు అంటే ట్రైలర్ ఒక్కటే, కొన్నిచోట్ల కారు, ట్రైలర్ కలిపి. టేపు పట్టుకుని మీ బండిని ఒకసారి కొలవండి. 16 అడుగులన్నది సాధారణంగా పెట్టె పొడవు. ముందున్న కొక్కెం భాగం కలిపితే 19 దాకా పోతుంది. మధ్యరకం ఎస్‌యూవీ మరో 16 పైచిలుకు. మొత్తం 35 దాటిందనుకోండి, ఆస్పెన్ వైపు పోయే ఇండిపెండెన్స్ పాస్ మీకు మూసినట్టే. 12,095 అడుగుల ఎత్తున్న ఆ రోడ్డు మీదికి 35 అడుగులు దాటిన బండిని రానివ్వరు. అటు వెళ్లాలనిపిస్తే కనుమ ఎక్కకుండా ట్విన్ లేక్స్ వైపునే ఆగిపోవచ్చు. ప్యారీ పీక్ అనే చిన్న క్యాంప్‌గ్రౌండు ఆ కిందే, వాగు ఒడ్డున ఉంది.

చిన్నదైనంత మాత్రాన నిశ్శబ్దంగా ఉంటుందనుకోకండి. నేను దెబ్బతిన్నవి చెప్తాను. ఒకటి హైవే. కెనోషా పాస్ క్యాంప్‌గ్రౌండు 10,000 అడుగుల ఎత్తున ఆస్పెన్ చెట్ల మధ్య ఉంటుంది, సెప్టెంబరు చివర్లో అక్కడి పసుపు రంగు చూసి తీరాల్సిందే. కానీ 285 హైవే పక్కనే ఉంది. లారీ కనుమ ఎక్కుతూ గేరు మార్చినప్పుడల్లా మీకు తెలుస్తుంది. రెండోది పడవలు దిగే రేవున్న రిజర్వాయరు. అది శనివారం తిరునాళ్లే. మూడోది ఎవరూ చెప్పనిది, ఏటీవీలనే నాలుగు చక్రాల అడవి బండ్లు, డర్ట్ బైకులు. ర్యాంపార్ట్ రేంజ్, టేలర్ పార్క్ లాంటిచోట్ల అడవి దారులన్నీ వాటికే పేరుపడ్డాయి. ఫొటోల్లో స్వర్గంలా ఉంటుంది, పొద్దున ఎనిమిదికి మొదలవుతుంది రొద. దీనికి మందు ఒకటుంది. ఫారెస్ట్ సర్వీస్ వాళ్లు మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ అని ఉచితంగా ఇస్తారు. ఏ దారిలో ఏ బండి పోవచ్చో అందులో ఉంటుంది. మీరు చూసుకున్న క్యాంప్‌గ్రౌండు చుట్టూ మోటారు దారులు సాలెగూడులా ఉంటే వదిలేయండి.

ఇంకో మాట, పాత ఫొటోలను నమ్మకండి. తొంభైల చివరి నుంచి ఇక్కడి లాడ్జ్‌పోల్ పైన్ చెట్లను బెరడు తొలిచే పురుగు పట్టింది. అడవులకు అడవులే ఎర్రబడి ఎండిపోయాయి. మీద పడతాయని క్యాంప్‌గ్రౌండ్లలో చెట్లు కొట్టేశారు. రాకీ మౌంటెన్ పార్కులోని టింబర్ క్రీక్ పేరులోనే కలప ఉంది గానీ, అక్కడ ఇప్పుడు పెద్ద చెట్టు నీడ లేదు. ఉపగ్రహ చిత్రం తెరిచి చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా అనుమానం ఉంటే ఫోన్ చేయండి. ఫారెస్టును జిల్లాలుగా విడగొట్టి ఒక్కోదానికి రేంజర్ ఆఫీసు పెట్టారు, పని రోజుల్లో మనిషి ఎత్తుతారు. మన వాళ్లకు ఫోన్ చేసి అడగడమంటే మొహమాటం. నాకూ ఉండేది. ‘మంచి క్యాంప్‌గ్రౌండు చెప్పండి’ అంటే వాళ్లు అందరికీ చెప్పే పేరే చెప్తారు. ‘నా దగ్గర 16 అడుగుల ట్రైలర్ ఉంది, ప్లగ్గు అక్కర్లేదు, మంగళవారం రాత్రి పక్కన ఎవరూ లేకుండా పడుకోవాలి, మీరైతే ఎక్కడికి పోతారు?’ అని అడగండి. రోడ్డు మొన్నటి వానకు కొట్టుకుపోయిందా, మంటలు నిషేధమా, నీళ్ల పంపు పనిచేస్తోందా, ఇవన్నీ కూడా ఆ ఒక్క ఫోన్‌లోనే తేలిపోతాయి.

మంగళవారం అన్నాను గదా. అదే అసలు కిటుకు. శుక్రవారం సాయంత్రం ఐ-70 హైవే ఎక్కి శనివారం నిశ్శబ్దం కావాలంటే ఈ ఊళ్లో కుదరదు. ఆదివారం మధ్యాహ్నానికి క్యాంప్‌గ్రౌండ్లు ఖాళీ అవుతాయి. వాళ్లు దిగుతుంటే మీరు ఎక్కండి. రోడ్డు ఖాళీ, సైటు మీ ఇష్టం. పాపకు బడి లేని రోజుల్లో ఆదివారం, సోమవారం, మంగళవారం పెట్టుకోండి. మీ ఇద్దరిలో ఒకరికి సెలవు దొరక్కపోతే అక్కడి నుంచే ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ చేద్దామనుకోకండి, ఆ లోయల్లో సిగ్నల్ ఉండదు. ముందుగా బుక్ చేసుకునే సైట్లు చాలావరకు ఆరు నెలల ముందు తెరుచుకుంటాయి, వారాంతాలు ఆ రోజే పోతాయి. కానీ ‘ముందొచ్చినవారికి ముందు’ పద్ధతిలో ఇచ్చే సైట్లు ఇంకా ఉన్నాయి. అక్కడ డబ్బు కవరులో పెట్టి ఇనప గొట్టంలో వేయాలి. రాత్రికి చాలావరకు 20, 30 డాలర్ల మధ్య ఉంటుంది. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి, ఆ ఇనప గొట్టం చిల్లర తిరిగి ఇవ్వదు.

సైటు ఎంచుకునేటప్పుడు నా లెక్క ఇది. వాగు చప్పుడు వినపడేది దొరికితే ఇంకేమీ చూడను. ఆ నీళ్ల హోరు పక్కవాళ్ల మాటలను మింగేస్తుంది. టాయిలెట్ పక్కది వద్దు, రాత్రంతా తలుపు దభీమంటుంది. కానీ అమ్మగారు వస్తున్నారు కాబట్టి మీకు మరీ దూరమూ పనికిరాదు. రెండు మూడు సైట్ల అవతల చూసుకోండి.

టాయిలెట్ సంగతి సూటిగా చెప్తాను. ఇలాంటిచోట్ల ఉండేది వాల్ట్ టాయిలెట్, అంటే కింద పెద్ద తొట్టె, పైన కమోడు. నీళ్లుండవు, ఫ్లష్ ఉండదు. చాలావరకు శుభ్రంగానే ఉంటాయి. మీ ట్రైలర్‌లో టాయిలెట్ ఉంటే రాత్రిళ్లకు అది వాడుకుని, పగలు వాల్ట్‌కు వెళ్లండి. అప్పుడు ట్యాంకు మూడు నాలుగు రోజులు వస్తుంది. లేకపోతే చిన్న పోర్టబుల్ టాయిలెట్ ఒకటి కొనండి. ఒక చెంబు మర్చిపోకండి. చలికి మోకాళ్లు పట్టేసిన పెద్దావిడ చీకట్లో టార్చి పట్టుకుని రాళ్ల మీద నడవాల్సిన పని ఉండకూడదు, అంతే. మీ శ్రీమతి గారి టెన్షన్‌లో సగం దీంతోనే పోతుంది.

అమ్మగారి విషయంలో నాకు అంతకంటే పెద్ద ఆలోచన ఎత్తు గురించి. ఖమ్మం సముద్ర మట్టానికి కొన్ని వందల అడుగులే. డెన్వరే 5,280. అక్కడి నుంచి ఒక్కసారిగా 10,000కు తీసుకెళ్తే తలనొప్పి, ఆయాసం, నిద్ర పట్టకపోవడం ఎవరికైనా రావచ్చు. ఎత్తు జబ్బు మామూలుగా 8,000 అడుగులు దాటాక మొదలవుతుంది. ఆవిడ వచ్చాక రెండు మూడు వారాలు ఇంటి దగ్గర అలవాటు పడనివ్వండి. బీపీ మందులు వాడుతున్నారు కాబట్టి బయల్దేరేముందే అక్కడి డాక్టరును అడిగి రమ్మనండి. కొండల మీద మంచినీళ్లు బాగా తాగాలి, మొదటి రోజు నడకలు పెట్టుకోకూడదు. తలనొప్పి ముదిరి వాంతులు మొదలైతే బేరాలాడకుండా వెంటనే కిందికి దిగిపోవాలి. దానికి దిగడాన్ని మించిన మందు లేదు.

ఎత్తు మీ ఎస్‌యూవీని కూడా వదలదు. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకు మూడు శాతం చొప్పున బలం కోల్పోతుంది. 10,000 అడుగుల దగ్గర దాదాపు మూడోవంతు తగ్గినట్టే. కంపెనీవాళ్లు రాసిన లాగే బరువును అచ్చంగా నమ్మి నిండా నింపకండి. ఎక్కేటప్పుడు నెమ్మదిగా పోతే పోయేది టైమే. దిగేటప్పుడే భయం. ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంది, అక్కడి నుంచి ఎటు దిగినా మైళ్లకు మైళ్లు వాలు. మన ఘాట్ రోడ్ల మీద లారీ డ్రైవర్లు ‘ఏ గేరులో ఎక్కావో ఆ గేరులో దిగు’ అంటారు, ఇక్కడా అదే సూత్రం. బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుంటే బ్రేకులు కాలి పట్టు తప్పుతాయి. ట్రైలర్‌కు ఎలక్ట్రిక్ బ్రేకులుంటే కంట్రోలర్ పనిచేస్తోందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి.

వంటగదిలో కూడా ఎత్తు చూపిస్తుంది తన పనితనం. 10,000 అడుగుల దగ్గర నీళ్లు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. మరుగుతూనే ఉంటాయి, పప్పు ఉడకదు. మా ఆవిడ మొదటిసారి గిన్నెలో కందిపప్పు పెట్టి రెండు గంటలు చూసి, చివరికి పెరుగన్నం పెట్టింది. అమెరికన్ క్యాంపింగ్ పుస్తకాలు పదిరకాల చిట్కాలు చెప్తాయి, మనకు ఒకటే చాలు: కుక్కరు. ఎప్పుడూ పెట్టే కూతల కంటే ఒకటి రెండు ఎక్కువ పెట్టండి. మిక్సీ నడవదు కాబట్టి దోసెల పిండి, పొడులు ఇంటి నుంచే. ఆవకాయ సీసాను మాత్రం సింకులో పెట్టి మూత తీయండి. కింద బిగించిన సీసాలో గాలి పైకి వచ్చేసరికి ఉబ్బుతుంది, మూత వదలగానే నూనె చిమ్ముతుంది. మా ట్రైలర్ పైకప్పు మీద ఆ మరక ఇప్పటికీ ఉంది.

ఎలుగుబంట్లకు వద్దాం. కొలరాడోలో ఉన్నవి నల్ల ఎలుగులే. గ్రిజ్లీ అనే పెద్ద గోధుమరంగు ఎలుగుల్లో ఇక్కడ తెలిసిన చివరిది 1979లో చచ్చిపోయింది. నల్ల ఎలుగుకు మనిషి మీద కంటే మనిషి తిండి మీద మక్కువ. దాని ముక్కు ముందు మన తాలింపు దాగదు. గట్టి గోడల ట్రైలర్ ఉండటం ఇక్కడ మీ అదృష్టం. తిండి, చెత్త, సబ్బు, టూత్‌పేస్టు, చివరికి కుక్క గిన్నె కూడా రాత్రికి లోపల పెట్టి కిటికీలు మూసి తాళం వేయండి. కారు కూడా తాళం వేయాలి, ఈ రాష్ట్రంలో ఎలుగులు కారు తలుపు పిడి లాగి తీయడం నేర్చుకున్నాయి. గిన్నెల్లో కూర అడుగు కాగితంతో తుడిచి చెత్తలో వేశాకే కడగండి. ఆ కడుగునీళ్లు చెట్టు మొదట్లో పారబోయడం మన అలవాటు, అడవిలో తప్పు. ట్యాంకులోనే పట్టి డంప్ స్టేషన్‌లో వదలాలి. నిజం చెప్పాలంటే నాకు ఎలుగు కంటే మూస్ అనే భారీ జింక అంటే భయం. గేదె కంటే ఎత్తు, కాళ్లు పొడవు, దూడ వెంట ఉంటే కోపం ముక్కు మీదే. పాప ఫొటో కోసం దగ్గరికి పోకుండా చూసుకోండి.

కరెంటు లేకుండా ఎలా అనే అనుమానం రావచ్చు. వేసవిలో లైట్లు, ఫోన్లు, నీళ్ల పంపు, ఇంతే కదా. అయితే రాత్రి చలి గురించి డెన్వర్‌లో కూర్చుని ఊహించలేం. జూలైలో కూడా 10,000 అడుగుల మీద తెల్లవారుజామున 40 ఫారెన్‌హీట్‌కు, అంటే 4, 5 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోతుంది. గ్యాస్ హీటరు వేస్తే దాని ఫ్యాను బ్యాటరీని తాగేస్తుంది. పాత లెడ్ బ్యాటరీలో సగం కంటే ఎక్కువ వాడుకోకూడదు. కాబట్టి 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ ఒకటి, 100 నుంచి 200 వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటి పెట్టించండి. జనరేటర్ మాత్రం కొనకండి. నిశ్శబ్దం కోసం వెళ్లి మనమే రొద మోసుకుపోవడం ఏం బాగుంటుంది?

ఆ మాట మీద ఇంకొకటి. ఫారెస్టు క్యాంప్‌గ్రౌండ్లలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్ద వేళలు. ఒక సైటుకు మామూలుగా 8 మందికి మించి రానివ్వరు. మనవాళ్లు నాలుగు కుటుంబాలు కలిస్తే పదహారు మంది, బ్లూటూత్ స్పీకర్, అంత్యాక్షరి. నేనూ పాడినవాణ్ణే. కానీ పక్క సైటువాడు ఆ రాత్రి ఇలాంటి ఉత్తరమే ఎవరికో రాసి ఉంటాడు.

డబ్బు గురించి చిన్న చిక్కు. 62 దాటినవాళ్లకు 80 డాలర్లకు జీవితకాలం పనికొచ్చే సీనియర్ పాస్ ఉంది, చాలా ఫారెస్టు క్యాంప్‌గ్రౌండ్లలో సగం ధరకే సైటు ఇస్తారు. అమ్మగారికి 66 కదా అని సంబరపడకండి. అది సిటిజన్లకు, గ్రీన్‌కార్డున్నవాళ్లకే. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు ఇవ్వరు.

అడవిలో ఎక్కడో ఒకచోట ఉచితంగా ఆగే పద్ధతి కూడా ఉంది. డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు, చాలాచోట్ల 14 రోజుల దాకా ఉండనిస్తారు. టాయిలెట్, నీళ్లు, చెత్తబుట్ట ఏమీ ఉండవు. ఈ సంవత్సరం మీకు వద్దంటాను. రెండో ఏడాదే నాకు ధైర్యం ఎక్కువై ఒక మట్టి దారిలో ట్రైలర్ పెట్టుకుని దూరాను. అర మైలు పోయాక రాళ్లు, పక్కన లోయ, తిప్పుకునే చోటు లేదు. మసక చీకట్లో మా ఆవిడ టార్చి పట్టుకుని వెనక నడుస్తుంటే ఆ అర మైలూ రివర్స్‌లో వచ్చాను. గంటన్నర పట్టింది. ఆ గంటన్నర గురించి మా ఇంట్లో ఇప్పటికీ మాట్లాడం. అప్పట్నుంచి తెలియని దారిలో ముందు కాలినడకన వెళ్లి చూసి వస్తాను. మీరు ముందు ఖాళీ పార్కింగ్‌లో రివర్స్ పట్టుబడేదాకా తిప్పండి.

ఇప్పుడు మీ వేసవి. మీ చోట నేనుంటే ఇలా వెళ్తాను.

జూన్ చివర్లో, అమ్మగారు కాస్త అలవాటు పడ్డాక, గోల్డెన్ గేట్ కాన్యన్ స్టేట్ పార్క్‌లో రెవరెండ్స్ రిడ్జ్. ఇది నేను చెప్పిన నిశ్శబ్దం కాదు. సైట్లు ఎక్కువ, కొన్నింటికి కరెంటు ఉంది, వేడినీళ్ల స్నానమూ ఉంది. కానీ ఇంటికి దగ్గర. ఆవిడకు నిద్ర పడుతుందా, ట్రైలర్‌లో ఏది కారుతోంది, ఏది తెచ్చుకోవడం మర్చిపోయారు, అన్నీ తెలుస్తాయి. తేడా వస్తే గంటన్నరలో ఇంట్లో ఉంటారు. రెండు రాత్రులు చాలు, వారం మధ్యలో.

జూలైలో గ్వనెల్లా పాస్ రోడ్డు. జార్జ్‌టౌన్ వైపు నుంచి వెళ్తే హెయిర్‌పిన్ మలుపులతో నరకం. 285 మీద గ్రాంట్ దాకా వెళ్లి, దక్షిణం వైపు నుంచి ఎక్కండి. జెనీవా క్రీక్ లోయలో బర్నింగ్ బేర్, జెనీవా పార్క్ అని రెండు చిన్న క్యాంప్‌గ్రౌండ్లున్నాయి. పేరులో ఎలుగు ఉందని శ్రీమతి గారికి ముందుగా చెప్పకండి. పైన కనుమ దగ్గర శని, ఆదివారాలు బీర్‌స్టాట్ శిఖరం ఎక్కేవాళ్ల కార్లు రోడ్డు పొడవునా ఉంటాయి. సోమవారానికి ఆ లోయలో మీరూ వాగూ మిగులుతారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ఉరుములు మొదలవుతాయి, నడక ఏదైనా పొద్దున్నే ముగించుకుని ట్రైలర్ దగ్గరికి వచ్చేయండి. చెట్లు దాటిన ఎత్తులో మెరుపులకు దొరికితే దాక్కోవడానికేమీ ఉండదు.

పాపకు మూస్ చూపించాలనుంటే ఆగస్టులో వాల్డెన్ దగ్గర స్టేట్ ఫారెస్ట్ స్టేట్ పార్క్. 1978లో యూటా, వయోమింగ్‌ల నుంచి రెండు డజన్లు తెచ్చి ఆ ప్రాంతంలో వదిలారు, ఇప్పుడు అక్కడ వందల్లో ఉన్నాయి. తెల్లవారుజామున చెరువు గట్టున కారులోనే కూర్చుని చూడొచ్చు, అమ్మగారు దిగక్కర్లేదు.

నా మనసులో అన్నిటికంటే పైన ఉన్నది గ్రాండ్ మెసా. గ్రాండ్ జంక్షన్ పక్కన, బల్ల పరుపుగా ఉండే పెద్ద కొండ. పైన 10,000 అడుగుల ఎత్తులో 300కు పైగా చెరువులు, స్ప్రూస్ అడవి, చెరువుల ఒడ్డున చిన్న చిన్న క్యాంప్‌గ్రౌండ్లు. వార్డ్ లేక్, లిటిల్ బేర్ చూడండి. ట్రైలర్‌తో అయిదు గంటల దారి, అందుకే డెన్వర్ జనం అంతగా రారు. జూలైలో మాత్రం వెళ్లకండి, దోమలు మోసుకుపోతాయి. సెప్టెంబరులో లేబర్ డే దాటిన రెండో వారం దోమలుండవు, పిల్లల బళ్లు తెరిచి ఉంటాయి కాబట్టి జనమూ ఉండరు. మీ పాపకు రెండు రోజులు బడి పోతుంది, ఆ నిర్ణయం మీది. మేమైతే మా అబ్బాయికి రెండేళ్లు వరసగా ‘జ్వరం’ తెప్పించాం. అప్పటికి కొన్నిచోట్ల నీళ్ల పంపులు ఆపేస్తారు, కాబట్టి ఆరేడు గ్యాలన్ల డబ్బాలు రెండు నింపుకుని వెళ్లండి. అయిదు గంటల దారి కాబట్టి మధ్యలో ఒక రాత్రి ఎక్కడైనా ఆగితే అమ్మగారి నడుముకు మంచిది.

వెళ్లేముందు ఎక్కడ ఉంటారో, ఏ రోజు తిరిగి వస్తారో ఒక స్నేహితుడికి మెసేజ్ పెట్టండి. ఐఫోన్ 14 నుంచి వచ్చినవాటిలో సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహం ద్వారా సాయం కోరే వీలుంది, దాన్ని ఇంట్లోనే ఒకసారి డెమోలో చూసుకోండి. మంటల నిషేధం ఉంటే కట్టెల పొయ్యి వెలిగించకూడదు, గ్యాస్ స్టవ్‌కు మామూలుగా ఇబ్బంది ఉండదు, అయినా ఫోన్‌లో అడిగి తెలుసుకోండి. కట్టెలు ఇంటి నుంచి మోసుకుపోకండి, చెట్లు తొలిచే పురుగులు అలానే ఊళ్లు మారతాయి.

అమ్మగారికి ఇప్పుడే ఫోన్ చేసి మంకీ క్యాపు, ఉన్ని శాలువా పెట్టెలో పెట్టుకోమనండి. ‘జూన్‌లో అమెరికాలో ఎందుకురా, ఇక్కడ నలభై అయిదు డిగ్రీలు కాస్తుంటే’ అంటారు. వాదించకండి, పెట్టుకోమనండి.